ముట్టిన బంటు

కోదండికి గడ్డం దురద పెడుతోంది. జనపనారతో చేసిన తెల్లగడ్డం అంటించుకుని నడివేసవి ఎండలో మూడామడలు నడిచినవాడికి దురద పుట్టక ఏమవుతుంది? గోక్కుంటే గడ్డం ఊడుతుంది, గడ్డం ఊడితే తల ఊడుతుంది. అందుకని పళ్ళు బిగబట్టి, ఇరవై రెండేళ్ళ నడుమును ఎనభై ఏళ్ళ ముసలివాడిలా వంచి, చేతికర్ర టకటకలాడించుకుంటూ అతడు అష్టాపదపురం తూర్పు ద్వారం దాటాడు. భుజాన వేలాడే సంచిలో కొత్త చదరంగపు బలాలున్నాయి. తలపాగా మడతలో ఒక రాగి సూది ఉంది.

చందనగిరిలో తరిమెన మీద కర్ర తిప్పి చదరంగపు బలాలు చేసే అన్నదమ్ముల్లో కోదండి చిన్నవాడు. పెద్దవాడు సారంగుడు. మూడు నెలల కిందట అష్టాపదపురం రాజు రత్నకేతు తన దంతపు బలాలకు మరమ్మతు చెయ్యమని సారంగుణ్ణి పిలిపించాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. రాజుగారి దంతం ఎత్తుకుని పారిపోయాడని కబురు మాత్రం వచ్చింది. ఆ మాట విన్న రోజు నుంచి వాళ్ళ తల్లి అన్నం మానేసి గంజి తాగి బతుకుతోంది.

కోదండి ఆ కబురు నమ్మలేదు. అడవులు గాలించి, కొండగుహలో ఉన్న ఒక తపస్విని పట్టుకుని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు చూసి చెప్పిన మాటలివి: "నీ అన్న బతికే ఉన్నాడు గానీ మనిషిగా లేడు. కాలజంఘుడనే మాంత్రికుడు అతణ్ణి చదరంగపు బంటుగా మార్చాడు. వాడు కోటలోనే ఒకరి రూపం వేసుకుని తిరుగుతున్నాడు. వాడి మంత్రం ఆ ఊరి ఆట నియమం మీద అల్లినది. ఆ నియమానికి వాడూ కట్టుబడక తప్పదు. పెద్దాట పండుగనాడు పొద్దుగూకే వేళకు రాజుగారి పాత బలాలను హోమంలో వేస్తారు. ఆలోగా వాడి మెడ వెనక ఈ సూది గుచ్చు. నిజరూపం బయటపడుతుంది, శక్తి ఉడుగుతుంది. కానీ ఒక్కసారే సుమా! పొరపాటున మంచివాణ్ణి గుచ్చావో, ఆ మంచివాడు అక్కడికక్కడే చస్తాడు."

పెద్దాట పండుగ ఇవాళే. పొద్దు అప్పటికే నడినెత్తి మీద ఉంది.

అష్టాపదపురం అందాన్ని చూస్తే ఎంత తొందరలో ఉన్నవాడికైనా కాళ్ళు నిలిచిపోవలసిందే. నిలువుగా ఎనిమిది వీధులు, అడ్డంగా ఎనిమిది వీధులు. ఒక వాడలో ఇళ్ళన్నీ సున్నం కొట్టినవి, పక్క వాడలో అన్నీ జేగురు పూసినవి. ప్రతి గుమ్మం ముందూ అరవై నాలుగు గళ్ళ ముగ్గు. ఆడవాళ్ళ చీరలకు గళ్ళు, మిఠాయి దుకాణంలో ఏనుగు అచ్చు వేసిన బెల్లపు బిళ్ళలు, ఉయ్యాలలో పసివాడికి ఎనిమిది గళ్ళు నడిచి మంత్రి అయిన బంటు మీద జోలపాట. ఇద్దరు ఎదురుపడితే "మీ రాజు క్షేమమేనా?" అని పలకరింపు, "కోటలో చల్లగా ఉన్నాడు" అని జవాబు. ఒక ఇల్లాలు మొగుణ్ణి వీధిలో నిలబెట్టి, "గుర్రం లాగా అడ్డదారి తొక్కి ఎక్కడికి పోయొస్తున్నావు?" అని దులుపుతోంది. వీధి చివర ఇద్దరు వియ్యంకులు పెళ్ళి ముహూర్తం తేలక, బల్ల వేసుకుని ఆట మీద తేల్చుకుంటున్నారు.

ఇంత కళకళలోనూ కోదండి మీద పడే చూపులు మాత్రం ముళ్ళలా ఉన్నాయి. సంచిలో బలాలు గలగలమన్నప్పుడల్లా మాటలు ఆగిపోతున్నాయి. చదరంగం చేసే పనివాడంటే ఈ ఊరికి ఇప్పుడు దొంగ అని అర్థం.

ఇంతలో ఎదురుగా ఉప్పుమూటల గాడిద ఒకటి వచ్చింది. మూట ఒకవైపుకు జారి, ఇదిగో పడుతుందా అదిగో పడుతుందా అన్నట్టుంది. చేతిపనివాడికి వంకర కనబడితే చెయ్యి ఊరుకోదు గదా! కోదండి ఒక చేత్తో గాడిదను పట్టి నిలిపి, చేతికర్రతో మూటను సరిగ్గా తోశాడు. ఉప్పమ్మే మనిషి నిలబడిపోయాడు. కోదండిని ఎగాదిగా చూశాడు. ఆనక తీరిగ్గా మూటలు దించుకుని, గాడిద పలుపు తెచ్చి కోదండి చేతిలో పెట్టాడు.

"ముట్టావుగా తాతా, నీదే. తోలుకుపో."

"గాడిద నాకెందుకయ్యా? మూట పడిపోతుంటే..."

"ఎందుకో ముట్టకముందు అనుకోవాలి. అయినా ఈ మాత్రం తెలీకుండా ఏ ఊరినుంచి ఊడిపడ్డావు నువ్వు?"

చుట్టూ జనం మూగారు. "పరాయివాడు", "సంచి విప్పి చూడండి", "తలారిని పిలవండి" అని గొంతులు లేచాయి. అప్పుడు పక్కనే అరుగు మీద కత్తి నూరుకుంటున్న క్షురకుడు తిప్పన్న లేచి వచ్చి, "పెద్దాయన్ని చంపుతారేంటర్రా, పండగపూట! గాడిద తీసుకున్నాడుగా, ఆట అయిపోయింది, పదండి పదండి" అని అందర్నీ తోలేసి, కోదండిని చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. పట్టుకోబోయే ముందు ఒక మాటన్నాడు: "సర్దుతున్నా."

"అదేమిటి నాయనా?" అన్నాడు కోదండి.

"అదే తాతా నీకు తెలీంది! మా ఊళ్ళో ముట్టింది ఆడాల్సిందే. బల్ల మీదే కాదు, బజార్లోనూ అంతే. అరటి గెల ముట్టావా, కొనాలి. పిల్ల చెయ్యి పట్టుకున్నావా, తాళి కట్టాలి. ఊరికే వంకర తీయాలంటే ముందు 'సర్దుతున్నా' అనాలి. ఆ మాటన్నాక ముట్టినా ముట్టినట్టు కాదు. మా పసిపిల్లలు అమ్మా అనడం కంటే ముందు ఈ మాటే నేరుస్తారు."

కోదండికి అన్న గుర్తొచ్చాడు. రోజంతా బలాలను చేతుల్లో దొర్లించే పనివాడు సారంగుడు. వాటిని పట్టుకునే ముందు ఏ మాటా అనడు. చందనగిరిలో ఎవరూ అనరు. మంత్రం పెట్టిన బంటును అన్న అలాగే మామూలుగా చేతిలోకి తీసుకుని ఉంటాడు.

తిప్పన్న గొంతు తగ్గించాడు. "మాట వింటుంటే చందనగిరి యాసలా ఉందే! ఎక్కడా చెప్పకు. అవునూ, ఏంటి తాతా నీ గడ్డం? ముఖానికి అతికినట్టే లేదు, నారలాగుంది." కత్తి తీసి అరచేతి మీద రుద్దాడు. "పండగపూట ఉచితంగా గీస్తాను. ఒక్కసారి ముట్టానంటే మరి గీయాల్సిందే!"

ఈ తిప్పన్న మంచివాడా, కోటవాళ్ళు పెట్టిన వేగువాడా? ఆ నవ్వు చూస్తే ఏదీ తేలడం లేదు. కత్తి పట్టిన చెయ్యి మాత్రం గడ్డం దగ్గరకు వచ్చేస్తోంది. "మొక్కుబడి గడ్డం నాయనా, ముడితే కళ్ళు పోతాయి!" అని కేకపెట్టి కోదండి అరుగు మీదనుంచి ఒక్క గంతు వేశాడు. ఎనభై ఏళ్ళ ముసలివాడు అంత గంతు వెయ్యడం చూసి తిప్పన్న నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కోదండి గాడిదను లాక్కుంటూ సందు తిరిగి మాయమయ్యాడు.

సందు చివర కొయ్యబొమ్మలాట జరుగుతోంది. జనంలో కలిసిపోతే చాలునని కోదండి అందులో దూరాడు. బొమ్మల మీద దారాలు లాగుతూ ఒక బక్కపలుచని మనిషి కథ చెబుతున్నాడు: యుద్ధం మానిపించడానికి ఇద్దరు రాజులు చదరంగానికి కూర్చున్నారట. కథ బాగానే ఉంది గానీ, రెండు బొమ్మల మధ్య చిన్న బల్ల పెట్టగానే జనం గొల్లుమన్నారు.

"ఓరి నీ బల్ల తగలెయ్య! రాజుకెదురుగా రాజును పెట్టావేంట్రా?"

"మంత్రి ఏడి రాజుకెదురు? ఆట రానివాడివి ఆటగాళ్ళ కథెందుకు చెబుతున్నావు?"

ఒక జామకాయ వచ్చి బొమ్మరాజు కిరీటాన్ని ఎగరగొట్టింది. ఈ ఊళ్ళో కథలో అబద్ధముంటే సహిస్తారు గానీ బల్ల మీద తప్పుంటే సహించరు. అష్టాపదపురంలో రాజుకెదురుగా అవతలి మంత్రి నిలుస్తాడు. రాజుకు రాజు ఎదురుపడడం పరాయి దేశాల పద్ధతి.

"నన్ను కొట్టకండి బాబో!" అని బొమ్మలాటవాడు తెర చాటుకు దూరాడు. "నేనూ ఈ ఊరివాణ్ణే, నాకు తెలీదా? పోయిన నెల కోటలో ఆడించమంటే వెళ్ళాను. రాజుగారి సొంత బల్ల మీద ఇలాగే పెట్టుంది. ఇదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకుని నేనూ అలాగే పెట్టాను!"

జనం ఒక్కసారి నోళ్ళు మూసుకున్నారు. రాజుగారి మాటెత్తడం ఎవరికీ ఇష్టం లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మెల్లగా జారుకున్నారు.

కోదండి మాత్రం గాడిద పలుపును చేతికి రెండు చుట్లు చుట్టాడు. పుట్టింది మొదలు ఈ ఆటలోనే పెరిగిన రాజు తన బల్ల మీద తప్పు పెట్టుకుంటాడా? పెట్టుకోడు. అయితే ఆ రాజు రాజు కాడు!

కోటలోకి పోవడం కష్టం కాలేదు. పండుగనాడు కొత్త బలాలు తెచ్చినవారికి తలుపులు తెరిచే ఉంటాయి. గాడిదను గుమ్మం దగ్గర కట్టేసి, మంత్రి భద్రపాలుడి వెంట అతడు అరవై నాలుగు స్తంభాల మండపంలోకి అడుగుపెట్టాడు. ఆ మండపం చూడాలంటే రెండు కళ్ళు చాలవు. ముప్ఫై రెండు స్తంభాలు పాలరాయి, ముప్ఫై రెండు నల్లరాయి. పాలరాతి స్తంభాల మీద పచ్చలు, నల్లరాతి స్తంభాల మీద ముత్యాలు తాపారు. పైకప్పునుంచి వెండి గుర్రాలు గొలుసులకు వేలాడుతూ గాలికి తిరుగుతున్నాయి. మండపానికి పడమటి వైపున కిటికీ కింద హోమగుండం అప్పుడే రగులుకుంటోంది. దాని పక్కనే దంతపు బల్ల. బల్ల ముందు సింహాసనంలో రత్నకేతు మహారాజు కూర్చున్నాడు.

ఎండాకాలంలో ఆయన భుజాల చుట్టూ శాలువా కప్పుకుని, రెండు చేతులూ దానికింద దాచుకున్నాడు. పలకడు. కదలడు. కళ్ళు మాత్రం బల్ల మీద రెండు బంటుల మీదే నాటుకుని ఉన్నాయి.

"ప్రభువులకు మూడు నెలలుగా ఒంట్లో బాగాలేదు" అన్నాడు భద్రపాలుడు. "ఎవరినీ బల్ల దగ్గరకు రానివ్వరు. రాకుమారి హేమరేఖ ఒక్కతే రోజూ బలాలు పేర్చి పెడుతుంది. నువ్వు కొత్త బలాలను ఆ పక్క పీట మీద పేర్చు. నేను వెళ్ళి పురోహితుణ్ణి తీసుకొస్తాను. పొద్దు వాలుతోంది." వెళ్తూ వెళ్తూ పీట మీద వంకరగా ఉన్న గుడ్డను చూసి, "సర్దుతున్నా" అని దాన్ని లాగి సరిచేసిపోయాడు.

మంత్రి మీద అనుమానం ఆ ఒక్క మాటతో సగం తీరింది. కోదండి సంచి విప్పి ఒక్కొక్క బలాన్నీ తీసి పేర్చడం మొదలుపెట్టాడు. ప్రతిదానికీ "సర్దుతున్నా" అంటున్నాడు. ఆ మాట వినబడినప్పుడల్లా రాజు కనురెప్పలు అదురుతున్నాయి. ఎందుకదరాలి? కోదండి ఓరకంట రాజుగారి బల్ల చూశాడు. బొమ్మలాటవాడు చెప్పింది నిజమే. రాజుకెదురుగా రాజున్నాడు!

"తాతా, గడ్డం పక్కకు జరిగింది."

కోదండి గిరుక్కున తిరిగాడు. వెనక ఒక యువతి నిలబడి ఉంది. సంపెంగ రంగు చీర, నడుముకు బంగారు వడ్డాణం, కళ్ళలో తడి. ఆమె చుట్టూ చూసి, రెండు వేళ్ళతో అతడి గడ్డాన్ని మెల్లగా సరిగ్గా పెట్టింది.

"భయపడకు. సారంగుడి ముఖమే నీది. నువ్వు తమ్ముడివి కదూ?" అంది హేమరేఖ గుసగుసగా. "మీ అన్న దొంగ కాదు. నేను చూశాను. ఆ బల్ల మీద ఎడమ చివరి బంటు మీ అన్నే. దాని పక్కది నా చెలికత్తె. వాడే మార్చాడు."

"వాడంటే?"

ఆమె తండ్రి వైపు చూసి ఒణికింది. "మా నాన్న కాడు. మూడు నెలలుగా ఆ చేతులు శాలువా బయటకు రాలేదు. ఎందుకో తెలుసా? గోళ్ళు కనబడతాయని. ఒంటరిదాన్ని, ఎవరికి చెప్పుకోను? చెబితే నన్నూ బంటును చేస్తాడు."

ఇన్నాళ్ళకు అన్నను దొంగ కాదన్న మనిషి కనబడింది. కోదండి దాచుకోకుండా సూది సంగతి చెప్పేశాడు. ఆమె చూపు అతడి తలపాగా మీద ఒక్క క్షణం నిలిచి పక్కకు తప్పుకుంది.

"అయితే ఆలస్యమెందుకు? కొత్త బలాలు చూపించే నెపంతో వెనక్కి వెళ్ళు. నేను ఎదురుగా నిలబడి మాటల్లో పెడతాను."

కిటికీలోంచి ఎర్రటి ఎండ దూలంలా పడుతోంది. బయట పురోహితుడి గంట మోగింది. కోదండి కొత్త మంత్రి బొమ్మను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో తలపాగాలోంచి సూది తీసి, సింహాసనం వెనక్కి నడిచాడు. రాజు మెడ మీద తెల్లవెంట్రుకలు చెమటకు అంటుకుని ఉన్నాయి. మాంత్రికుడికి చెమట పడుతుందా? పడుతుందేమో, ఎవడు చూశాడు!

"నాన్నగారూ, ఈ కొత్త మంత్రిని చూడండి" అని హేమరేఖ ఎదురుగా వచ్చి వంగింది. పైట చెంగు తగిలి బల్ల మీద ఒక ఏనుగు ఒరిగింది. ఆమె చటుక్కున దాన్ని పట్టుకుని నిలబెట్టింది. "కానీ!" అన్నట్టు కోదండికి కనుసైగ చేసింది.

కోదండి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆమె ఏమీ అనలేదు. ఒరిగిన ఏనుగును నిలబెట్టింది గానీ ఆ మాట అనలేదు. ఇందాక గడ్డం సరిచేసినప్పుడు కూడా అనలేదు! అమ్మా అనడం కంటే ముందు నేర్చే మాటను ఈ ఊరి రాకుమారి మరిచిపోతుందా? రోజూ బల్ల పేర్చేది ఈమేనట. రాజుకెదురుగా రాజును పెట్టిందీ ఈమే. సింహాసనంలో ఉన్న ముసలాయన ఆ చేతిని చూస్తున్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారి శాలువా మీద పడుతున్నాయి. సూది ఖర్చు కావాలి, రాజు చావాలి, ఆ హత్య చందనగిరి వాడి నెత్తిన పడాలి. ఎంత చక్కగా అమర్చింది! ఇంకొంచెంలో తను ఎంత పని చేసి ఉండేవాడు!

అతడు సింహాసనం మీదుగా ఒక్క దూకు దూకి హేమరేఖ మెడ మీదకు సూది విసురుగా దించాడు. ఆమె పాములా మెలితిరిగింది. సూది మెడకు తగలలేదు. అడ్డం పెట్టిన కుడి మణికట్టులో దిగబడింది.

మండపం దద్దరిల్లేలా ఒక కేక లేచింది. అది ఆడగొంతు కాదు. సంపెంగ రంగు చీరలోంచి బొగ్గులాంటి మొండెం, ఎర్రజుట్టు, పొడుగాటి కాళ్ళు బయటకు వచ్చాయి. ముఖం మాత్రం సగం హేమరేఖదే ఉండి, సగం వికృతంగా ఇకిలిస్తోంది. వాడు కాలజంఘుడు. కుడిచెయ్యి మోచేతిదాకా కర్రలా బిగుసుకుపోయింది గానీ, మెడ తప్పింది కాబట్టి వాడి శక్తి పూర్తిగా ఉడగలేదు.

వెండి గుర్రాలన్నీ గొలుసులు తెంచుకుని కోదండి మీదకు దూకాయి. అతడు పీటను డాలులా ఎత్తి పట్టుకున్నాడు. మొదటి గుర్రం పీట కాలు విరగ్గొట్టింది. రెండోది తలపాగా ఎగరగొట్టింది. మూడోది గడ్డం పట్టుకుని ఊడబీక్కుపోయింది. ఆ దురద వదిలినందుకు ఆ గుర్రానికి దణ్ణం పెట్టవలసిందే, కానీ అంత తీరిక లేదు. కోదండి స్తంభం చాటునుంచి స్తంభం చాటుకు పరుగెత్తి, గుర్రాలు ఒకదానికొకటి ఢీకొని తుక్కయ్యేదాకా తిప్పి, వగరుస్తూ బల్ల దగ్గరకు వచ్చాడు.

అప్పటికే కాలజంఘుడు బల్ల మీది రెండు బంటులూ తీసుకున్నాడు. బిగిసిన కుడిచేతి వేళ్ళ సందున ఒకటి, ఎడమ అరచేతిలో ఒకటి. రెండు చేతులూ హోమగుండం మీదకు చాచి నిలబడ్డాడు.

"నా తల్లీ!" అని రాజు మూడు నెలల తరువాత నోరు తెరిచాడు. శాలువా జారిపోయింది. ఆయన చేతులు మామూలు ముసలి చేతులు, గోళ్ళూ మామూలువే. "నాయనా, అందులో ఒకటి నా హేమరేఖ. బల్ల మీదనుంచి పడిపోతున్న బంటును పట్టుకుంది. నోటి మాటకంటే చెయ్యి ముందు వెళ్ళింది. నా చేతులు శాలువా దాటినా, ఎవరికైనా చెప్పినా దాన్ని నిప్పుల్లో వేస్తానన్నాడు వీడు. నోరు మూసుకుని కూర్చుంటే ఇవాళ తిరిగి ఇస్తానన్నాడు. నమ్మలేదు గానీ, ఏం చెయ్యను?"

"ఇస్తాను, ఇవ్వకేం!" అని కాలజంఘుడు పకపకా నవ్వాడు. "ఇవాళ్టి హోమంలో ఇద్దరూ కాలితే నా మంత్రానికి పూర్తి సిద్ధి, ఒకరు కాలినా సగం సిద్ధి. ఒరే పనివాడా! ఒకటి నీ అన్న, ఒకటి ఈ ముసలాడి కూతురు. ముట్టింది ఆడాల్సిందే గదా ఈ ఊళ్ళో? ముట్టుకో! నువ్వు ముట్టింది నీది, ముట్టనిది అగ్నిది. ఏది ఎవరో మాత్రం చెప్పను."

కిటికీలో సూర్యబింబం సగం మునిగింది. మంటలు బంటుల అడుగును నాకుతున్నాయి. కోదండి కళ్ళముందు గంజి గిన్నె పట్టుకున్న తల్లి కనబడింది. పక్కన ఈ తండ్రి ఏమీ అడగలేక చూస్తున్నాడు. ఏది ముట్టాలి? ఎంత పెద్ద పనివాడైనా రెండు ఒకేలాంటి బంటుల్లో తోడబుట్టినవాణ్ణి ఎలా పోల్చుకుంటాడు?

సరిగ్గా అప్పుడే కోట గుమ్మం దగ్గర కట్టేసిన గాడిద ఓండ్ర పెట్టింది.

కోదండి ముఖం మీద మెల్లగా నవ్వు పూసింది. అతడు రెండడుగులు ముందుకు వేసి, గొంతెత్తి, స్తంభాలన్నీ మార్మోగేలా అన్నాడు:

"సర్దుతున్నా!"

కాలజంఘుడి నవ్వు గొంతులోనే ఆగిపోయింది. వెనక్కి లాక్కుందామంటే చేతులు కదలలేదు. వాడు పెట్టిన నియమమే వాడి మోచేతులు పట్టుకుంది. ఆ మాటన్నవాడు ఎన్నింటినైనా ముట్టవచ్చు, ఏదీ ముట్టినట్టు కాదు. కోదండి తాపీగా రెండు చేతులూ చాచి, రెండు బంటులూ తీసేసుకున్నాడు. దంతం వెచ్చగా ఉంది. లోపల ఏదో పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది.

కాలజంఘుడు ఒళ్ళంతా విదిలించుకున్నాడు. చీర కాలి బూడిదైంది. వాడు పెద్ద రాబందుగా మారి కిటికీ కమ్మీలు విరగ్గొట్టి ఎగిరాడు. రాబందు కుడి రెక్కలో రాగి సూది తళుక్కుమంటోంది.

"బంటులు పట్టుకుని ఏం చేస్తావురా వెర్రివాడా?" అని ఆకాశంనుంచి కేక వినిపించింది. "ఆ సూది మొన తగలనిదే అవి మనుషులు కావు. సూది నా రెక్కలో ఉంది! ఇవాళ్టి హోమం తప్పింది కాబట్టి, ఇక తొమ్మిది రోజులు దాటితే వాటిలో ప్రాణమూ ఉండదు. దమ్ముంటే ఎముకల దీవికి రా!"

పురోహితుడు, మంత్రి, భటులు పరుగున వచ్చేసరికి మండపం నిండా వెండి గుర్రాల తుక్కు, బూడిద కుప్ప, గడ్డం ఊడి కుర్రవాడైపోయిన ఇందాకటి ముసలివాడు కనిపించాడు. భద్రపాలుడు కత్తి దూశాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు. తరువాత కోదండి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. బంటులకు మసి అంటుకుని ఉంది.

"సర్దుతున్నానమ్మా" అని పలికి, ఆయన తన ఉత్తరీయపు కొసతో మొదటి బంటును తుడిచాడు. ఏది కూతురో తెలియదు కాబట్టి రెండో బంటునూ అంతే ప్రేమగా తుడిచాడు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు.

"నాయనా, నువ్వు ఈ ఊరివాడివి కావు. నీ అన్న ఒక్కడి కోసం వచ్చావు. ఇందాక ఆ మాటన్నావు కాబట్టి మా నియమం ప్రకారం నువ్వు వీటిని ముట్టినట్టు కాదు. వెళ్ళిపోదలిస్తే వెళ్ళిపోవచ్చు, నిన్ను అడిగేవాళ్ళు లేరు" అన్నాడు రాజు. "వెళ్ళేవాడివైతే వెళ్ళు. వీళ్ళిద్దరి కోసం ఎముకల దీవికి వెళ్ళేవాడివైతే, ఈసారి ఏమీ అనకుండా పట్టుకో."

కోదండి వంగి, పెదవి విప్పకుండా, రెండు బంటులనూ రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నడుముకు కట్టుకుని, విరిగిన కిటికీలోంచి రాబందు పోయిన పడమటి దిక్కు ఒకసారి చూసుకుని, గాడిదను కట్టేసిన చోటికి పరుగెత్తాడు.